పాలసముద్రం తోడుకోకుండా

మైలాపూర్, చెన్నై

చిరంజీవికి ఆశీస్సులు.

నీ మిఠాయి ద్వీపం కథ చదివాను. మొదటి రెండు పేజీల్లోనే 23 తినుబండారాలు దిగాయి. ఇది ద్వీపం కాదమ్మా, పాండీబజార్ మిఠాయికొట్టు అద్దాల బీరువా. నాలుగు చాలు. ఆ నాలుగూ పొయ్యి మీద ఎలా నడుచుకుంటాయో కథలోనూ అలాగే నడుచుకోవాలి.

కొండకి లడ్డూ ఎందుకు? మైసూర్‌పాక్ పెట్టు. పాకంలో శనగపిండి ఉడుకుతుండగా కాగిన నెయ్యి పోస్తే పొంగి గుల్లవిచ్చుకుంటుంది కదా, ఆ కొండకి గుహలు వాటంతటవే వచ్చేస్తాయి. పాకం ముదిరిన వైపు గునపం దిగదు. లేతలో దించేసిన వైపు మోకాలిదాకా కూరుకుపోతారు. పిల్లలు ఎటునుంచి ఎక్కాలన్నదే ఒక అధ్యాయం.

పైకప్పుకి బెల్లం అచ్చులు పేర్చావు, బాగుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానలకి డబ్బాలో బెల్లమే చెమరుస్తుంది, మరి నీ కప్పు? వానలకి ముందు ఆ ఇంటివాళ్ళు ఏం చేస్తారో రాయి. చీమల్నీ మరిచిపోకు. చీమలు పట్టని బెల్లపుటింటిని ఏ పిల్లా నమ్మదు.

పురాణాల్లో ఏడు సముద్రాలున్నాయి: ఉప్పునీరు, చెరకురసం, సుర (దీన్ని నువ్వు వదిలెయ్), నెయ్యి, పెరుగు, పాలు, మంచినీరు. పెరుగుకీ పాలకీ నడుమ ఒక ద్వీపం అడ్డం. అది లేకపోతే తెల్లారేసరికి పాలసముద్రం తోడుకుపోయేది. నీ పాల ఏరేమో నేరుగా నిమ్మరసం చెరువులో కలుస్తోంది. విరిగిపోదూ? వంటింట్లో తిరిగే ఎనిమిదేళ్ళ పిల్ల ఇట్టే పట్టేస్తుంది. ఏరు మళ్ళించకు, అక్కడే విరుగుడు తేలనీ, దాంతో రసగుల్లాలు చుట్టుకు బతికే ఊరొకటి వెలవనీ.

అంతా తీపైతే మూడో పేజీకే మొహం మొత్తుతుంది. ఒక ఊరగాయ లోయ కావాలి. ఇంకోటి, ‘తిన్నారు’ అని 17 చోట్ల రాశావు. పాయసం జుర్రుకుంటారు, పటికబెల్లం చప్పరిస్తారు, జంతికలు నములుతారు, ఆవకాయ నంజుకుంటారు. మాట మారితే రుచి దానంతటదే తెలుస్తుంది, ‘కమ్మగా’, ‘తియ్యగా’లు సగం కొట్టెయ్యొచ్చు.

అసలు చిక్కు చివర్లో ఉంది. గోడ కొరికినచోట గుంట మర్నాటికి పూడుతుందా? పూడకపోతే పదిమంది పిల్లలు వారంలో ఇల్లు ఖాళీ చేస్తారు. పూడితే, రాత్రిపూట గరిటె పట్టుకుని పూడ్చేదెవరు? ఇది తేల్చుకున్నాకే రెండో ప్రతి మొదలుపెట్టి పంపు.