అమ్మ ఎలా ఉందో బులెటిన్ చెప్పదు

“మేం హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఉంటాం. నా పుట్టిల్లు అమలాపురం దగ్గర. రోజూ సాయంత్రం ఆంధ్రా కరోనా బులెటిన్ రాగానే తూర్పు గోదావరి కేసులు చూసి, పాప పాత నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. అంకె పెరిగిన రోజు అన్నం సహించదు. ‘ఇవాళ ఎంతమ్మా?’ అని పాప కూడా అడుగుతోంది. నాన్న పోయాక పొలం దగ్గర మాటామాటా వచ్చి, రెండేళ్లుగా అన్నయ్యతో మాటల్లేవు. అమ్మ వాళ్ల దగ్గరే ఉంటుంది. ఫోన్ చేస్తే అన్నయ్యే ఎత్తుతాడని చెయ్యను. పోయిన నెల అమ్మ టీకా వేయించుకుంటున్న ఫొటో వదిన పంపింది. నేనేమీ జవాబివ్వలేదు. ఏ అంకెను నమ్మాలి? ఇంట్లో ధైర్యంగా ఉండడం ఎలా?”
– ఒక సోదరి, 2021 మే

అమ్మా, అడిగారు కాబట్టి అంకెల సంగతి ముందు చెప్పేస్తాను. మే 16న రాష్ట్రంలో 24,171 కేసులు. మర్నాడు 18,561. మీరు ఆ రోజు హమ్మయ్య అనుకునే ఉంటారు. కానీ మొదటి రోజు 94 వేల పైన పరీక్షలు చేస్తే, రెండో రోజు చేసింది 73 వేల చిల్లరే. రెండు రోజులూ పరీక్ష చేసిన నలుగురిలో ఒకరికి పాజిటివే. అంచేత కేసులొక్కటే చూడకండి, పరీక్షల లెక్క పక్కన పెట్టుకుని వారానికోసారి చూడండి, చాలు. ఆ నోట్‌బుక్ పాపకి బొమ్మలేసుకోవడానికి ఇచ్చెయ్యండి.

ఇక అసలు సంగతి. తూర్పు గోదావరంటే 50 లక్షలకు పైగా జనం. తుని, రంపచోడవరం ఏజెన్సీ, అంతర్వేది అన్నీ కలిపి ఒక్క అంకె. అందులో మీ అమ్మ ఎక్కడుంది? ఆవిడకి నిన్న జ్వరం వచ్చిందో, రెండు పూటలా తింటోందో ఒక్క ఫోన్‌తో తెలిసేదాన్ని జిల్లా లెక్కల్లో వెతుక్కుంటున్నారు. మీ భయం కరోనా గురించి కొంతే. మిగతాదంతా మీ అన్నయ్య గురించి.

వాటా వదులుకోమని నేను చచ్చినా చెప్పను. తాతల నాటి ఆస్తిలో ఆడపిల్లకి హక్కుందని మన ఆంధ్రాలో 1986లోనే చట్టం చేశారు. అడగండి, కావలిస్తే వకీలుని పెట్టి మరీ అడగండి. అది ఆత్మగౌరవం. కానీ అన్నయ్య గొంతు వినాల్సొస్తుందని కన్నతల్లి గొంతు కూడా వినకపోవడం ఉత్త పంతం. దాని వల్ల ఆయనకి పోయేదేమీ లేదు. మధ్యలో నలుగుతున్నది ఆ ముసలావిడ. మీ పాప సంగతి చూడండి, అమ్మమ్మ కబుర్లు తెలియవు గానీ కేసుల లెక్క మాత్రం అడుగుతోంది.

ఆ ఫొటో మరోసారి తీసి చూడండి. అమ్మ టీకా కోసం చెయ్యి చాచి కూర్చుంటే, పక్కనుండి ఎవరో తీశారు కదా? టీకా కేంద్రానికి ఆవిడ ఒక్కర్తే బండి కట్టుకుని వెళ్లలేదు. తీసుకెళ్లింది మీ అన్నయ్యే అయ్యుంటాడు. వదిన పంపిందంటే ఆయనకి తెలియకుండా పంపిందని నేననుకోను. ఆడపడుచు పలకకపోయినా ఆ ఇల్లాలు తన మర్యాద తను నిలబెట్టుకుంది. నెల దాటినా మీ దగ్గర్నుంచి ఒక్క మాట లేదు!

ఏం మాట్లాడాలో తెలియకపోతే టీకా దగ్గరే మొదలుపెట్టండి. కోవిషీల్డ్ అయితే రెండో డోసు 12 నుంచి 16 వారాల మధ్య వేయించుకోవాలని కేంద్రం ఈ నెల 13నే మార్చింది. వాళ్లకి తెలుసో లేదో అడగండి. ఇంట్లో ఆక్సీమీటర్ ఉందా అడగండి, లేకపోతే మీరే కొని పంపండి, కూతురిగా అది మీ బాధ్యత. అందులో ఆక్సిజన్ అంకె 94 కన్నా తగ్గితే ఆలస్యం చెయ్యకుండా 104 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యమనండి. పొలం ఊసు ఈ ఫోన్‌లో ఎత్తకండి. ఆయన ఎత్తినా, “కరోనా తగ్గాక కూర్చుని మాట్లాడుకుందాం అన్నయ్యా” అనండి. ఆయన ముభావంగా ఉంటే ఉండనివ్వండి. అమ్మకి ఇమ్మనండి, తర్వాత పాపకి ఇచ్చి మీరు పక్కకి తప్పుకోండి.

వదిన ఫోన్‌కి దొంగచాటుగా చెయ్యొద్దు. అన్నయ్య ఫోన్‌కే చెయ్యండి. అక్కడ మధ్యాహ్నం పన్నెండు నుంచి కర్ఫ్యూ కాబట్టి ఒంటిగంటకి ఆయన ఇంట్లోనే ఉంటాడు.