ఎలైజాను ‘మీరు’ అనేదెవరు

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

మీ ఫిల్మ్ సొసైటీ వచ్చే నెల వేస్తున్న ‘మై ఫెయిర్ లేడీ’కి తెలుగు సబ్‌టైటిల్స్ రాసే పని నీకు అప్పగించారని మీ నాన్న ఫోనులో చెప్పగా విని చాలా సంతోషించాను. నేను ఈ పని మానేసి చాలా ఏళ్ళయింది గాని, సరిగ్గా ఈ చిత్రం దగ్గరే నేను చేసిన ఒక తప్పు ఇప్పటికీ మనసులో మెదులుతూ ఉండడం వల్ల, నువ్వు మొదటి వాక్యం రాయకముందే ఈ ఉత్తరం నీకు చేరాలని వెంటనే కూర్చుని రాస్తున్నాను.

ఆ కథ నడిచి వచ్చిన దారి ముందు తెలుసుకో. బెర్నార్డ్ షా రాసిన ‘పిగ్మేలియన్’ 1913లో వియన్నాలో జర్మన్ భాషలో మొదటిసారి రంగం మీదికి వచ్చి, మరుసటి ఏడు లండన్ చేరింది. 1938లో పాటలు లేని మామూలు సినిమా అయింది. 1956 మార్చిలో అలన్ జే లెర్నర్ రచన, ఫ్రెడరిక్ లోవీ సంగీతంతో న్యూయార్క్ బ్రాడ్‌వేలో సంగీత నాటకమై 2,717 ప్రదర్శనలు ఆడింది. 1964లో జార్జ్ క్యూకర్ దర్శకత్వంలో నీ చేతికి వచ్చిన ఈ చిత్రమైంది. ఇన్ని చేతులు మారినా కథ ఒక్కటే: లండన్‌లోని కోవెంట్ గార్డెన్‌లో పూలమ్ముకునే ఎలైజా డూలిటిల్‌కు ఆరు నెలల్లో గొప్పింటి ఇంగ్లీషు నేర్పి దొరసానిగా నమ్మించగలనని హిగిన్స్ అనే ధ్వనిశాస్త్ర ఆచార్యుడు అంటే, కల్నల్ పిక్కరింగ్ పందెం కాస్తాడు. వేరే సినిమాలకు అర్థం రాస్తే సరిపోతుంది. దీనికి ఉచ్చారణను కూడా రాయాలి, ఎందుకంటే ఇక్కడ కథంతా ఉచ్చారణే.

నేను చేసిన తప్పు అక్కడే. ఎలైజా మాట్లాడే లండన్ పేటల యాసకు సమానంగా మన జిల్లాల్లో ఒకదాని యాసను ఆమె నోట పెట్టాను. ప్రదర్శన అయ్యాక ఆ జిల్లాకు చెందిన ఒక పెద్దావిడ నా దగ్గరకు వచ్చి, “మా అమ్మ ఇలాగే మాట్లాడేది బాబూ, అది దిద్దుకోవలసిన మాటా?” అని నెమ్మదిగా అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పనివాళ్ళకూ హాస్యగాళ్ళకూ ఫలానా ప్రాంతపు మాట అంటగట్టే అలవాటు మన సినిమాల్లో ఎన్నాళ్ళ నుంచో ఉంది. ఆ గాయాన్ని నేను మరోసారి రేపాను. నువ్వు మాత్రం ఏ జిల్లా మాటనూ తీసుకెళ్ళి ఆ పూలబుట్ట పక్కన పెట్టకు.

మరి తేడా ఎలా చూపించాలి? మూలంలో ఉన్న దోషాన్నే తెలుగు అక్షరాల్లో పలికించు. ఎలైజా హకారం మింగేస్తుంది. హిగిన్స్ ఆమెను ఒక మంట ముందు కూర్చోబెట్టి, హకారం సరిగా పలికినప్పుడల్లా ఊపిరి తగిలి మంట కదలాలని చెప్పి, హాంప్‌షైర్‌లో తుఫానుగాలుల గురించిన వాక్యం వల్లె వేయిస్తాడు. దానికి నేను తరువాత రాసుకున్నది ఇది: “హాంప్‌షైర్‌లో హోరుగాలి హెచ్చదు.” ఎలైజా నోట “ఆంప్‌షైర్‌లో ఓరుగాలి ఎచ్చదు.” హకారం జారడం మన అన్ని జిల్లాల్లోనూ వినబడేదే కనుక ఎవరినీ వేలెత్తి చూపినట్టు కాదు. ఆమె చేతిలోని కాగితం అంటుకునే చోట మాత్రం తెర ఖాళీగా వదిలేయి. చూపు కిందికి లాగితే ఆ దృశ్యం పోతుంది. హిగిన్స్ ఆమె చేత పదే పదే పలికించే స్పెయిన్ వాన వాక్యానికి “స్పెయిన్ దేశాన వాన మైదానాన” అంటే ప్రాస దానంతటదే కుదురుతుంది. ఎలైజా ఇంగ్లీషు ‘ఏ’ను ‘ఐ’గా పలుకుతుంది కనుక, తెలుగులో ‘ఆన’ను ‘ఐన’ చేసి ఆమె వంతుకు “దేశైన వైన మైదానైన” అని రాయి. పలకలేక పలకలేక చివరికి రాత్రి వేళ ఆ ‘ఆన’ నోట పలికినప్పుడు, అక్షరం మారడం ప్రేక్షకుడి కంటికి కనబడుతుంది.

ఇంతకన్నా పెద్ద విషయం నువ్వు, మీరు. ఇంగ్లీషులో ఉన్నది ఒక్కటే మాట, మనకు ప్రతి వాక్యంలోనూ ఎంచుకోక తప్పదు. చివరి భాగంలో ఎలైజా, తనకు ఆత్మగౌరవం మొదలైంది హిగిన్స్ పాఠాలతో కాదని, హిగిన్స్ ఇల్లున్న వింపోల్ స్ట్రీట్‌కు వచ్చిన మొదటి రోజున పిక్కరింగ్ తనను ‘మిస్ డూలిటిల్’ అని పిలవడంతోనని చెబుతుంది. కాబట్టి మాసిన బట్టలతో ఆమె గడపలో నిలబడిన క్షణం నుంచే పిక్కరింగ్ నోట ‘మీరు’ రావాలి. హిగిన్స్ సంగతి చిక్కైనది. తాను ఎలైజాతో మొరటుగా ఉన్నానా అన్నది కాదు, ఇంకెవరితోనైనా మెరుగ్గా ఉండడం చూశావా అన్నదే అసలు ప్రశ్న అని అతను వాదిస్తాడు. ఆ వాదన నిలవాలంటే అతను పిక్కరింగ్‌నూ, తల్లినీ, ఇంటి పెత్తనం చూసే మిసెస్ పియర్స్‌నూ, అందరినీ ‘నువ్వు’ అనాలి. ఒక్క చోట ‘మీరు’ జారినా అతను అబద్ధాలకోరు అవుతాడు. ఎలైజా మొదట్లో ‘బాబుగారూ’ అంటుంది. ఆమె దొరసానిగా నెగ్గిన నాట్యసభ తరువాత హిగిన్స్‌తో జరిగే గొడవలో ‘మీరు’ ఉంటుంది గాని ‘బాబుగారూ’ ఉండదు.

పాటల దగ్గర ఛందస్సు కోసం పాకులాడకు, చదివించు, పాడించకు. హిగిన్స్‌గా వేసిన రెక్స్ హారిసన్ ముందుగా రికార్డు చేసిన పాటకు పెదవులు కదపడానికి ఒప్పుకోక, టై వెనుక వైర్‌లెస్ మైకు దాచుకుని చిత్రీకరణలోనే పాటను మాట్లాడినట్టు పాడాడు. అతని వేగం ఉన్నట్టుండి మారుతుంది కనుక అతని వరుసలకు సమయం చెవితో కొలుచుకో. రెండు వరుసలు దాటనివ్వకు, వాటి మధ్య ఖాళీ ఎక్కువ ఉంచు. పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగిలితే చీకట్లో ఎవరూ చదవలేరు.

ఎలైజా పాటల్లో వినబడేది చాలావరకు ఆ పాత్ర వేసిన ఆడ్రీ హెప్‌బర్న్ గొంతు కాదు, మార్నీ నిక్సన్ గొంతు. హిగిన్స్ మీద కోపంతో పాడే పాట మొదలు మాత్రం హెప్‌బర్న్ సొంతం. సావిత్రి గారికి సుశీల గారు పాడితే మురిసిపోయిన మనకు ఇందులో తప్పేమీ తోచదు, కాని మనం గాయని పేరు తెర మీద వేస్తాం; ఈ చిత్రం టైటిల్స్‌లో నిక్సన్ పేరు లేదు. ఎలైజా మొదటి పాట మొదలయ్యే చోట నిక్సన్ పేరు ఒక్క వరుసలో వేయి. ఇది నా కోరిక అనుకో.

ఇక ముగింపు. షా వాళ్ళిద్దరికీ పెళ్ళి చేయడానికి ఒప్పుకోలేదు, 1916లో పనిగట్టుకుని వెనుకమాట కూడా రాశాడు. చిత్రంలో ఎలైజా తిరిగి వస్తుంది, హిగిన్స్ టోపీ ముఖం మీదికి లాక్కుని తన చెప్పుల గురించి అడుగుతాడు. అక్కడ “ఎక్కడ పెట్టావు” అని రాస్తే క్రియలోనే ‘నువ్వు’ వచ్చి అతను మారలేదని నువ్వు తీర్పు చెప్పినట్టవుతుంది, “పెట్టారు” అంటే మారాడని చెప్పినట్టవుతుంది. “ఎలైజా, నా చెప్పులేవీ?” అని రాయి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న