వై-ఫై మధ్యలో ఎందుకు ఆగుతోంది?

ప్రశ్న: మా ఇల్లు డల్లాస్ విమానాశ్రయానికి దగ్గర. ఆఫీసు మీటింగ్ మధ్యలో 5 గిగాహెర్ట్జ్ వై-ఫై ఆగిపోతోంది. రౌటర్ లాగ్‌లో ‘రాడార్ కనిపించింది’ అని ఉంటోంది. రాడార్ కోసం రౌటర్ చేసే ఈ తనిఖీని ఆపేయవచ్చా?
– ఒక పాఠకుడు, టెక్సాస్

జవాబు: ఆపకండి. రౌటర్ల పరీక్షల్లో పనిచేసినవాడిగా గట్టిగా చెబుతున్నాను. 5 గిగాహెర్ట్జ్‌లో కొన్ని ఛానెళ్లను (తరంగాల పట్టీలను) రాడార్లు కూడా వాడతాయి. విన్నది రాడారో, ఉత్త రొదో రౌటర్‌కు ఖాయంగా తెలియదు. అయినా రాడార్ పల్సుల్లాంటివి వినబడితే 10 సెకన్లలో ఛానెల్ వదలాలి, అరగంట దాకా తిరిగి రాకూడదు. రాడార్లు వాడే మరో ఛానెల్‌కు మారితే ముందు 60 సెకన్లు వినాలి.

పొరపాటున వదిలితే మీ మీటింగ్ తెగుతుంది, అంతే. పొరపాటున ఉండిపోతే? 5600–5650 మెగాహెర్ట్జ్‌లో పనిచేసే విమానాశ్రయ వాతావరణ రాడార్‌కు అడ్డు తగులుతుంది. 1985 ఆగస్టు 2న మీ విమానాశ్రయంలోనే దిగబోతూ డెల్టా 191 విమానం మైక్రోబరస్ట్‌లో, అంటే మేఘం నుంచి హఠాత్తుగా కిందికి దూకే గాలిలో, చిక్కుకుంది. 137 మంది చనిపోయారు. ఈ రాడార్లు పెట్టింది అలాంటి గాలిని ముందే పసిగట్టడానికి. రెండు నష్టాలూ సమానం కావు కదా!

సెట్టింగ్స్‌లో 36–48 మధ్య గానీ, 149 గానీ ఛానెల్ పెట్టుకోండి. అక్కడ ఈ తనిఖీ ఉండదు. పక్కింటివాళ్ల వై-ఫై రద్దీ మాత్రం కాస్త ఎక్కువ.