పాఠకుల ప్రశ్నలు: మ్యూజియం చేప రికార్డుల్ని చదవడం ఎలా?

ప్రశ్న: కృష్ణా డెల్టా తీరంలో బ్లూ పాంచాక్స్ అనే కిల్లీచేప మీద ప్రాజెక్టు చేస్తున్నాను. మ్యూజియం నమూనాల రికార్డులు దించుకుంటే మ్యాపు మీద కొన్ని చుక్కలు బంగాళాఖాతంలో పడ్డాయి, కొన్నిటికి 'కిస్ట్నా' అని మాత్రమే ఉంది. వాడొచ్చా? నేను పట్టిన చేపల్ని ఎలా భద్రపరచాలి?
– ఎం.ఎస్సీ. విద్యార్థిని, గుంటూరు

జవాబు: వాడొచ్చు. అయితే మ్యాపు మీది చుక్క కన్నా లేబుల్ మీది ఊరిపేరుకే విలువివ్వండి. పాతకాలం నమూనాలకు అక్షాంశ రేఖాంశాలు చాలావరకు తర్వాత ఎవరో చేర్చినవే.

సముద్రంలో పడ్డవాటికి ముందు నిమిషాల లెక్క చూడండి. నిజాంపట్నం అక్షాంశం సుమారు 15 డిగ్రీల 54 నిమిషాలు. 54ను 60తో భాగించి 15.90 అని ఎక్కించాలి. తిన్నగా 15.54 అని కొడితే చుక్క దాదాపు 40 కిలోమీటర్లు దక్షిణానికి జరిగి సముద్రంలో పడుతుంది. ఒకే మ్యూజియం రికార్డుల్లో దశాంశం తర్వాతి రెండంకెలు ఎక్కడా 59 దాటకపోతే ఈ తప్పే జరిగిందని అనుమానించాలి.

'కిస్ట్నా' అంటే కృష్ణాకు పాత ఇంగ్లిషు రూపం, దానితో ఇంకా జాగ్రత్త. 1859 నుంచి 1904 దాకా కృష్ణా జిల్లాలో గుంటూరు ప్రాంతం కలిసే ఉంది. 1904 తర్వాత 1925 దాకా నేటి పశ్చిమ గోదావరి వైపు చాలా భాగం అందులో ఉంది. అందుకే లేబుల్ మీది సంవత్సరం చూడకుండా మచిలీపట్నంలోనో బెజవాడలోనో చుక్క పెట్టేయకండి. అలాంటి రికార్డును జాతుల జాబితాలో ఉంచండి, విస్తరణ మ్యాపులోంచి తీసేయండి. నిజాంపట్నం కూడా 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లాలోది, 1904 నుంచి అప్పటిదాకా లేబుళ్లలో గుంటూరు జిల్లా అనే ఉంటుంది.

ఈ చేప శాస్త్రీయ నామం కూడా మారింది. చేపల శాస్త్రవేత్త హామిల్టన్ 1822లో దీన్ని ఎసాక్స్ పాంచాక్స్ అన్నాడు, తర్వాతి చేపల శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే కాలంలో హాప్లోకిలస్ పాంచాక్స్, ఇప్పుడు అప్లోకీలస్ పాంచాక్స్. మూడు పేర్లతోనూ వెతకండి. ఒక్క కేటలాగ్ నంబరు కింద ఒకే సీసాలో పది చేపలుండొచ్చు, కాబట్టి రికార్డుల సంఖ్య చేపల సంఖ్య కాదు. సీసాలో రంగులు వెలిసిపోతాయి, వీపురెక్క మొదట్లోని నల్లమచ్చ మిగులుతుంది. దగ్గరి జాతుల ఆడచేపల్లోనూ అలాంటి మచ్చ ఉండొచ్చు గనుక రెక్క కిరణాలు, పొలుసులు లెక్కపెట్టనిదే జాతి తేల్చకండి.

ఇక మీ చేపలు. ఫార్మాలిన్ తగిలితే డీఎన్‌ఏ పాడవుతుంది కాబట్టి ముందుగా కుడి రొమ్మురెక్క ముక్క కత్తిరించి 95 శాతం ఇథనాల్‌లో వేయండి. తర్వాత చేపను 10 శాతం ఫార్మాలిన్‌లో, అంటే బజారు ఫార్మాలిన్ ఒక పాలు, నీళ్లు తొమ్మిది పాళ్లు, నాలుగైదు రోజులు ఉంచండి. చేతికి గ్లోవ్స్, గదిలో గాలి తప్పనిసరి. రెండు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టి 70 శాతం ఇథనాల్‌లోకి మార్చండి. లేబుల్ సీసా లోపలే, దళసరి కాగితం మీద పెన్సిల్‌తో రాయండి. బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. ఊరు, అక్కణ్ణుంచి దూరం, దిక్కు, తేదీ, నీటి ఉప్పదనం, వల రకం అన్నీ ఉండాలి. మూత వదులైతే నీటికన్నా ఆల్కహాలే ముందు ఆవిరవుతుంది, అందుకే మట్టం తగ్గినప్పుడు ఆల్కహాల్ శాతాన్ని హైడ్రోమీటర్‌తో కొలిచాకే మళ్లీ నింపండి.