కొత్తగా కట్టిన జీటీఓను అమ్మబోయే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలను మీ అత్తయ్యా నేనూ రెండుసార్లు చూశాము. మూడేళ్ళ శని, ఆదివారాలను ధారపోసి ఆ 1968 పాంటియాక్ జీటీఓ కారుకు మళ్ళీ ప్రాణం పోశావు. రంగు ఆరీ ఆరకముందే అమ్మకానికి పెడతానంటున్నావు కనుక, మిషిగన్‌లో ఇలాంటి బండ్లను చాలాకాలంగా బాగుచేసి అమ్ముతున్నవాడిగా నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందుగా, ప్రకటన రెండు నెలలు ఆపు. ఇంజిన్ కట్టాక ఒక్క మైలు కూడా తిరగలేదని చెప్పడం మనకు గొప్పగానే ఉంటుంది గానీ, అనుభవమున్న కొనుగోలుదారుకు దానర్థం ఒకటే: ఆ ఇంజిన్‌ను ఇంకా ఎవరూ పరీక్షించలేదు, ఆ పరీక్ష తన డబ్బుతో జరగబోతోంది. పాత పద్ధతి క్యామ్‌షాఫ్ట్ (ఇంజిన్ వాల్వులను తెరిచే కడ్డీ) వేశావు కదా, మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు 20 నిమిషాలపాటు 2000 ఆర్‌పీఎం పైన నడిపావా, జింకు ఎక్కువగా ఉన్న నూనె పోశావా అని అతను తప్పక అడుగుతాడు. తడుముకోకుండా జవాబు చెప్పగలగాలి. ఆ తర్వాత 500 మైళ్ళు నువ్వే తిప్పి, నూనె మార్చి, పాత ఫిల్టర్‌ను కోసి లోపల లోహపు పొట్టు ఉందో లేదో చూడు. రాత్రి ఇంజిన్ కింద ఒక అట్టముక్క పరిచి, పొద్దున్నే దాని మీద పడిన చుక్కలను గమనించు. ఎర్రగా ఉంటే గేర్‌బాక్సుది, గోధుమరంగులో ఉంటే ఇంజిన్‌ది, పచ్చగా ఉంటే రేడియేటర్‌ది. పాంటియాక్ ఇంజిన్లలో నూనె కారకుండా ఆపే వెనుక సీలు తాడులాంటిది కాబట్టి, సరిగ్గా కూర్చోకపోతే కారుతూనే ఉంటుంది. ఒకసారి నేను ఈ పని చేయకుండా, రంగు మెరుపు చూసుకుని తొందరపడి ఒక బండి అమ్మాను. కొన్నాయన 40 మైళ్ళు పోకముందే ఫోన్ చేశాడు. సగం డబ్బు రిపేరుకు తిరిగి ఇచ్చుకున్నాను, పరువు ఎటూ పోయింది.

రెండోది, ఇంజిన్ గురించి నిజం చెప్పడం. బండి గుర్తింపు సంఖ్య, అంటే వీఐఎన్, 242తో మొదలవుతుంది కనుక నీ బండి అసలైన జీటీఓ అనడంలో సందేహం లేదు. 1964, 1965 బండ్లకు ఆ సౌకర్యం లేదు, అప్పట్లో జీటీఓ అంటే పాంటియాక్ వారి లెమాన్స్ కారు మీద తీసుకునే ఆప్షన్ మాత్రమే. కానీ నువ్వు బిగించిన 400 క్యూబిక్ అంగుళాల ఇంజిన్ బ్లాకు ఆ బండితో పుట్టినది కాదు. బ్లాకు ముందు వైపు చెక్కిన అంకెలు వీఐఎన్‌తో కలవవు. ఎవరో వీఐఎన్‌తో కలిసేలా అంకెలు కొట్టి ఇస్తానన్నాడని రాశావు. ఆ మాట మళ్ళీ నా దగ్గర ఎత్తకు. ధర కొంత తగ్గినా, బ్లాకు మార్చినదని ప్రకటనలోనే రాయి. పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ నుంచి ఫ్యాక్టరీ కాగితాల నకళ్ళు తెప్పించి, మెషిన్ షాపు రసీదులు, అడుగు రేకులు తుప్పు పట్టి ఉన్నప్పటి ఫోటోలు, కొత్త రేకు అతికిన ఫోటోలు అన్నీ ఒక ఫైల్లో వరుసగా పెట్టు. లప్పం ఎక్కడైనా మందంగా వేసి ఉంటే అది కూడా చెప్పు, ఎందుకంటే వచ్చేవాడి జేబులో అయస్కాంతం ఉంటుంది, మందపు లప్పం మీద అది అంటుకోదు.

చూడడానికి మనుషులు వచ్చే రోజున ఇంజిన్‌ను ముందే వేడి చేసి పెట్టకు, చల్లగా ఉన్నప్పుడు అది ఎలా స్టార్ట్ అవుతుందో వాళ్ళు చూడాలనుకుంటారు. ఒకసారి నా దగ్గరకు వచ్చిన పెద్దాయన రంగు వంక చూడనే లేదు. బానెట్ ఎత్తించి, ఎగ్జాస్ట్ మీద అరచెయ్యి ఆనించి, చల్లగా ఉందని తేల్చుకున్నాకే నాతో మాట కలిపాడు.

ధర విషయంలో, నువ్వు పెట్టిన ఖర్చు మొత్తం వెనక్కి వస్తుందన్న ఆశ వదులుకో. అడుగుతున్న ధరలను కాక, ఇలాంటివి నిజంగా అమ్ముడైన ధరలను చూడు. ఆగస్టులో వుడ్‌వర్డ్ రోడ్డు మీద జరిగే పాత కార్ల ఊరేగింపు, వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ నాటికి నీ 500 మైళ్ళు పూర్తయితే, పాంటియాక్ నగరం దాకా సాగే ఆ రోడ్డు మీద బండిని తిప్పడం కంటే మంచి ప్రకటన మరొకటి ఉండదు.

డబ్బు దగ్గర మొహమాటపడకు. బ్యాంకు చెక్కులకూ నకిలీలు ఉన్నాయి కనుక, కొనేవాడి బ్యాంకులోనే కూర్చుని, నీ కళ్ళముందు చెక్కు రాయించుకో. బండిని ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నట్టు కాగితం రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. వీలైతే అతనితో కలిసి, బండ్ల రిజిస్ట్రేషన్ చూసే సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసుకు వెళ్ళి టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మార్పించు, సంతకం చేసిన టైటిల్ నకలు దగ్గర ఉంచుకో. మన రాష్ట్రంలో నంబరు ప్లేటు బండితో పోదు, అమ్మినవాడి దగ్గరే ఉండాలి. ఆ రోజు జేబులో ఒక స్క్రూడ్రైవర్ పెట్టుకుని వెళ్ళు.

ఇట్లు,
మామయ్య