పాఠకుల ప్రశ్నలు: ఎండాకాలంలో సీతాకోకచిలుకలు, వాటి ఫొటోలు

ప్రశ్న: మే నెలలో ఆదివారాలు పిల్లల్ని తీసుకుని విశాఖ కంబాలకొండ అడవికి వెళ్తున్నాం. పదింటికి చేరేసరికి ఒకటీ అరా తప్ప కనబడటం లేదు. ఎండాకాలంలో సీతాకోకచిలుకలు ఉండవా?
– ఎంవీపీ కాలనీ పాఠకురాలు

జవాబు: ఉంటాయండీ. పదింటికి మాత్రం కనబడవు. వాటి ఒంట్లో సొంత వేడి పుట్టదు. పొద్దున్నే రెక్కలు పరిచి ఎండ కాచుకుంటేగానీ ఎగరలేవు. చలికాలంలో ఈ పని తొమ్మిది దాటాక మొదలవుతుంది, మేలో ఏడింటికే అయిపోతుంది. తొమ్మిదిన్నర నుంచి ఒళ్లు మరీ వేడెక్కి, రెక్కలు మూసుకుని ఆకుల అడుగున చేరతాయి. సాయంత్రం నాలుగు దాటాక కొన్ని మళ్లీ బయటికొస్తాయి. కాబట్టి ఏడున్నరకల్లా చెట్ల మధ్య ఉండేలా బయల్దేరండి. గేటు ఎన్నింటికి తీస్తారో ముందురోజే కనుక్కోండి.

విశాఖ చుట్టుపక్కల ఇవి విరివిగా ఉండేది వానలు పడ్డాకే, జులై నుంచి నవంబరు దాకా. గొంగళిపురుగుకి లేత ఆకు కావాలి, ఎండాకాలంలో ఆ చిగురే కరవు. మేలో ఒక మంచి వాన పడిందంటే తేదీ రాసి పెట్టుకోండి. చిగురేసి, గుడ్డు పెట్టి, అది రెక్కల పురుగై వచ్చేసరికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఆ వారం వెళ్తే పిల్లలు నిరాశపడరు.

ప్రశ్న: గెడ్డలో (వాగులో) తడి ఇసుక మీద పసుపువీ తెల్లవీ గుంపుగా వాలి కదలకుండా ఉంటున్నాయి. ఏం చేస్తున్నాయి? ఫోనుతో తీద్దామని దగ్గరికి వెళ్లగానే లేచిపోతున్నాయి.
– అనకాపల్లి పాఠకుడు

జవాబు: ఉప్పు తాగుతున్నాయి. పూల తేనెలో చక్కెర ఉంటుంది గానీ సోడియం దాదాపు ఉండదు. తడి మట్టిలో, పశువుల మూత్రం ఇంకిన చోట, పేడ మీద అది దొరుకుతుంది. ఇలా గుంపుగా చేరేవి ఎక్కువగా మగవే. అవి పోగేసిన ఉప్పులో కొంత జత కట్టేటప్పుడు ఆడదానికి, దాన్నుంచి గుడ్లకీ చేరుతుంది. గెడ్డలు ఎండి ఎక్కడో ఒక మడుగు మిగిలే ఈ నెలల్లో తడి అంతా ఒకేచోట ఉంటుంది కనుక, ఫొటోలకి వేసవిలో దీన్ని మించిన అవకాశం లేదు. పూల వెంట పరిగెత్తే బదులు మడుగు పక్కన కూర్చోవడమే లాభం.

అవి లేచిపోయేది రెండు కారణాలకి: నిలువెత్తు మనిషి కదలిక, మీద పడే నీడ. సూర్యుడు మీకు పక్కగా ఉండేలా చోటు చూసుకోండి. నాలుగైదు మీటర్ల దూరంలోనే కూర్చుండిపోండి. అక్కణ్నుంచి కూర్చునే, జానెడు జానెడు జరగండి. రెక్కలు టపటపలాడిస్తే ఆగండి, అవి సర్దుకున్నాక మళ్లీ కదలండి. గుంపు లేచినా మీరు లేవకండి. ఉప్పు అక్కడే ఉంది, కాసేపటికి చాలావరకు తిరిగి వాలతాయి.

ఫోన్లో మాక్రో మోడ్ (అతి దగ్గరి ఫొటోల అమరిక) పెట్టకండి. చాలా ఫోన్లలో అది వైడ్ లెన్స్‌తో పనిచేస్తుంది, రెండు మూడు సెంటీమీటర్ల దగ్గరికి వెళ్లాలి, అంతలోకి పురుగు ఉండదు. దూరానివి దగ్గరగా చూపే రెండు రెట్ల లేక మూడు రెట్ల టెలి లెన్స్ ఉంటే అది వాడండి. వేళ్లతో లాగి పెంచే జూమ్ వద్దు, తర్వాత కత్తిరించుకోవడమే నయం. పురుగు మీద వేలు నొక్కి పట్టి ఫోకస్ లాక్ చేసి, వెలుగు కొంచెం తగ్గించండి. లేకపోతే పసుపు రెక్కల మీద గీతలన్నీ తెల్లగా మాడిపోతాయి. మోచేతులు నేలకి ఆనించి, బరస్ట్‌లో (ఆగకుండా వరసగా) పది పన్నెండు తీస్తే రెండు నిలుస్తాయి.

ప్రశ్న: మంచి మాక్రో లెన్స్ కొన్నాను. అయినా సగం ఫొటోల్లో ఒక రెక్క స్పష్టంగా, రెండోది మసకగా వస్తోంది.
– గాజువాక పాఠకుడు

జవాబు: లోపం లెన్స్‌ది కాదు, కోణానిది. ఫ్రేము నిండేంత దగ్గరికి వెళ్తే లెన్స్ కంతని ఎఫ్/8 దాకా చిన్నది చేసినా స్పష్టంగా వచ్చే లోతు రెండు మూడు మిల్లీమీటర్లే. కెమెరా వెనక తెర, రెక్కల తలం ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. రెక్కలు మూసుకుని ఉంటే పక్క నుంచి, పరిచి ఉంటే నేరుగా పై నుంచి తీయండి. సగం తెరిచి ఉంటే కంటి మీద ఫోకస్ పెట్టి, మిగతాది మసకబారినా సరే అనుకోండి. ఎఫ్/8, షట్టర్ వేగం 1/500 సెకనుకి తగ్గకుండా, ఐఎస్‌ఓ (వెలుగుని పట్టే శక్తి) 400 నుంచి 800 పెట్టుకోండి. ట్రైపాడ్ ఇంట్లో పెట్టి వెళ్లండి, దాన్ని సర్దుకునేలోగా పురుగు ఊరు దాటుతుంది.

మన ఊళ్లో ఇంకో రెండు చిక్కులున్నాయి. ఏసీ కారులోంచి దిగగానే తీస్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. సంచి తెరవకుండా ఇరవై నిమిషాలు బయట ఉంచండి. రెండోది గాలి. తొట్లకొండ, బావికొండల మీద పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలి జోరందుకుని పూలు ఊగిపోతుంటాయి. అప్పుడు గాలి తగలని రెండోవైపు వాలుకి వెళ్లండి, సీతాకోకచిలుకలూ అక్కడికే చేరతాయి.

ప్రశ్న: నారింజ రంగు రెక్కలు, కొసల్లో నలుపూ తెలుపూ. ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక అని ఫొటో పెడితే కాదన్నారు. ఎలా పోల్చుకోవాలి?
– మధురవాడ పాఠకురాలు

జవాబు: బహుశా అది డనాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది. వెనక రెక్క మధ్య భాగం చూడండి. ప్లెయిన్ టైగర్ ఆడదానికి అక్కడ మూడు నల్ల చుక్కలు, మగదానికి నాలుగు. ఎగ్‌ఫ్లైకి ఆ మధ్య చుక్కలుండవు, పై అంచు దగ్గర ఒక్కటే ఉంటుంది. ప్లెయిన్ టైగర్ జిల్లేడు ఆకు తిని పెరుగుతుంది. ఆ విషం ఒంట్లో ఉంటుంది కనుక పక్షులు దాని జోలికి పోవు. గంగవాయిలి కూర తిని పెరిగే ఎగ్‌ఫ్లై ఆ వేషం వేసుకుని బతికిపోతుంది. కామన్ మార్మన్ ఆడవాటిలో కొన్నీ ఇంతే, కామన్ రోజ్ అనే ఇంకో సీతాకోకచిలుకలా ఉంటాయి. రోజ్‌కి ఒళ్లు ఎర్రన, మార్మన్‌కి నలుపు. ఏది తీసినా రెక్కల పైవైపూ అడుగువైపూ రెండూ తీసిపెట్టుకోండి. ఒక్కవైపు చూసి పేరు చెప్పమంటే తెలిసినవాళ్లూ తడబడతారు.

ప్రశ్న: అరకు రైల్లో వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తే సరిపోతుందా?
– అక్కయ్యపాలెం పాఠకుడు

జవాబు: సొరంగాలు చూడ్డానికి సరిపోతుంది. పొద్దున బయల్దేరే కిరండూల్ పాసింజరు అరకు చేరేసరికి మంచి వేళ చివరికొచ్చేస్తుంది. అక్కడ ఎత్తు సుమారు 900 మీటర్లు కాబట్టి కింద కన్నా గంటో గంటన్నరో ఎక్కువ తిరుగుతాయి, అంతే. రాత్రి అక్కడే ఉండి పొద్దున్నే గెడ్డ వైపు నడవండి. రోడ్డు మీద వెళ్లేవాళ్లు దారిలో జీడిమామిడి తోటల కింద రాలిన పళ్లు కూడా చూడాలి. పులిసిన పండు మీద కామన్ బారన్, ఈవెనింగ్ బ్రౌన్ లాంటివి వాలతాయి. ఇవి పూల జోలికి పెద్దగా పోవు. తిండి మీదున్నప్పుడు బాగా దగ్గరికి రానిస్తాయి.

ప్రశ్న: ఫ్రిజ్‌లో కాసేపు పెడితే కదలకుండా ఫొటోకి నిలబడుతుందని విన్నాం. నిజమేనా? కరివేపాకు మొక్క మీది గొంగళిపురుగుల్ని పిల్లలు పెంచవచ్చా?
– పెందుర్తి పాఠకురాలు

జవాబు: ఫ్రిజ్ వద్దు. చలికి కొయ్యబారిన పురుగు ఫొటోలోనూ కొయ్యబారినట్టే ఉంటుంది. పట్టుకోవడంలో రెక్కల పొలుసూ రాలిపోతుంది. కంబాలకొండ లాంటి అభయారణ్యంలో అయితే ఏ ప్రాణినీ పట్టకూడదు, గుడ్లూ గొంగళిపురుగులూ అయినా సరే. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం.

మీ పెరటి కరివేపాకు మీదివి పెంచవచ్చు. అవి కామన్ మార్మన్‌వో లైమ్ అనే సీతాకోకచిలుకవో అయివుంటాయి. చిన్నప్పుడు పిట్ట రెట్టలా, చివరి దశలో పచ్చగా ఉంటాయి. రెండు చాలు. కొమ్మని నీళ్ల సీసాలో పెట్టి మూతి దూదితో గట్టిగా మూయండి, లేకపోతే పురుగు జారి మునుగుతుంది. ఈ ఎండలకి ఆకు త్వరగా వాడుతుంది, రోజూ కొమ్మ మార్చండి. పురుగుని చేత్తో తీయకుండా పాత ఆకుతో సహా కొత్త కొమ్మ మీదికి చేర్చండి. కదిపితే తల వెనక నుంచి కొమ్ముల్లాంటిది చాచి ఘాటు వాసన వదులుతుంది, పిల్లలకి హాని ఏమీ లేదు. ప్యూపా (గొంగళిపురుగు కదలకుండా ఉండే గూటి దశ) నల్లబడి లోపలి రెక్కల రంగు కనబడితే మర్నాటికల్లా బయటికొస్తుంది. రెక్కలు వేలాడి ఆరడానికి కింద జానెడు ఖాళీ ఉండాలి, ఇరుకైతే ముడతపడి జన్మకి ఎగరలేదు. ఒక్కోసారి ప్యూపాలోంచి చిన్న కందిరీగలు వస్తాయి. వాటి తల్లి ముందే లోపల గుడ్లు పెట్టి పోయిందన్నమాట, పిల్లల తప్పేమీ కాదు. బజారులో కొన్న కరివేపాకు మాత్రం వేయకండి. మందు కొట్టిన ఆకు కడిగి వేసినా పురుగు చచ్చిపోవచ్చు.