కంటినెన్స్ కేర్ నేర్పే నర్సుకు కెరీర్ ఉంటుందా?

ప్రశ్న: నర్సింగ్ చివరి ఏడాది చదువుతున్నాను. ఆసుపత్రి స్టాఫ్‌కి శిక్షణ ఇచ్చే నర్స్ ఎడ్యుకేటర్ కావాలనుంది. కంటినెన్స్ కేర్‌లో, అంటే మూత్రం ఆపుకోలేని సమస్యలపై పనిచేస్తానంటే స్నేహితులు నవ్వుతున్నారు. ఇంట్లోవాళ్లు ఐసీయూకి వెళ్లమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: నవ్వేవాళ్లను నవ్వనివ్వండి. ఈ సమస్య లేని వార్డు దొరకడం కష్టం, దాన్ని ఓపిగ్గా నేర్పేవాళ్లు మాత్రం తక్కువ. ఇంటర్నేషనల్ కంటినెన్స్ సొసైటీ 1971 నుంచీ ఉంది. అంటే ఇది మీరు కొత్తగా కనిపెట్టిన దారేం కాదు.

అయితే చదువు అవగానే క్లాసులు చెప్పే ఉద్యోగం వెతక్కండి. ముందు కొన్నేళ్లు యూరాలజీలోనో, వృద్ధుల వార్డులోనో చేయండి. నైట్ డ్యూటీల్లో ఆరితేరిన సిస్టర్ మీ మాట వినాలంటే, మీరూ తడిసిన దుప్పట్లు మార్చి ఉండాలి మరి!

మీరు నేర్పాల్సిన అసలు విషయం కారణం వెతకడం. పేషెంట్ పక్క తడిపితే డైపర్ వేస్తారు, చార్టులో రాస్తారు, అంతటితో సరి. దగ్గినప్పుడు కారిందా? ఉన్నట్టుండి ఆగలేనంతగా వచ్చిందా? మంచం దిగి బాత్రూమ్ దాకా వెళ్లలేకపోయారా? మూత్రాశయం నిండి పొంగుతోందా? ఒక్కోదానికి ఒక్కో వైద్యం. చివరిదైతే మరీ మోసం చేస్తుంది: డైపర్ తడుస్తూనే ఉంటుంది, లోపల మూత్రం నిలిచిపోయే ఉంటుంది. బ్లాడర్ స్కాన్ చేస్తేగాని తెలియదు. మలబద్ధకం, ఇన్ఫెక్షన్, మూత్రం ఎక్కువయ్యే మాత్రలు కూడా చూసుకోవాలి. మూడు రోజులు ఎంత తాగారో, ఎప్పుడెప్పుడు ఎంత పోశారో రాయిస్తే సగం సంగతి బయటపడుతుంది.

అడగడం కూడా నేర్పాలి. రౌండ్స్‌లో అందరి ముందూ అడిగితే ఎవరూ చెప్పరు. కర్టెన్ లాగి, పక్కన కూర్చుని, “బాత్రూమ్‌కి వెళ్లేలోపే పడిపోతోందా అమ్మా?” అంటే చెబుతారు. పక్క తడుస్తుందని నీళ్లు తగ్గించే అలవాటునూ మాన్పించాలి. మూత్రం చిక్కబడితే ఆ తొందర ఇంకా పెరగొచ్చు.

ఇక ఇంట్లోవాళ్ల మాట. ఐసీయూ వచ్చినా వద్దనకండి, అక్కడ దాదాపు ప్రతి మంచానికీ యూరిన్ బ్యాగే. క్యాథెటర్ (మూత్రాశయంలోకి వేసే గొట్టం) ఉన్న ప్రతి అదనపు రోజూ ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. ఇప్పటి పోస్టింగ్‌లోనే డ్యూటీ మారేటప్పుడు చేసే హ్యాండోవర్ సమయంలో “ఈ క్యాథెటర్ ఇంకా అవసరమా సిస్టర్?” అని మర్యాదగా అడగడం మొదలుపెట్టండి. వచ్చే జవాబులన్నీ ఓ నోట్‌బుక్‌లో రాసుకోండి. మీ మొదటి క్లాసుకు పాఠం అందులోనే దొరుకుతుంది.